పదిమందితో రెండు రోజులు ఆడాం: 10-10 దగ్గర ఆ చివరి పాయింట్, గీత పక్కన నిలబడిపోయిన ఇద్దరు

ఎదురుగాలి_7
ఆదివారం, రాత్రి 10:42

నిన్నా ఇవాళా జరిగిన కాలేజీ అమ్మాయిల అల్టిమేట్ (జట్టుకి ఏడుగురు, ఫ్రిస్బీ డిస్క్‌ని పాస్‌లతో ముందుకు తీసుకెళ్లి మైదానం చివరి ఎండ్‌జోన్‌లో పట్టుకుంటే గోల్) టోర్నమెంట్ నుంచి ఇప్పుడే రూమ్‌కి వచ్చాను. బూట్లు విప్పి ఇక్కడ కూర్చున్నాను. రేపు రాద్దామనుకుంటే నాకు అనుకూలంగా మార్చి రాసేస్తానేమో అని భయం.

నేను మా జట్టు కెప్టెన్‌ని, ఇదే మొదటి ఏడాది. మేం వెళ్లింది పదిమందిమి. ఏడుగురు కనీసం ఏడాదిగా ఆడుతున్నవాళ్లు, ముగ్గురు ఈ సెమిస్టర్‌లోనే డిస్క్ పట్టుకున్నవాళ్లు. శనివారం పూల్‌లో, అంటే గ్రూప్ దశలో, నాలుగు ఆటలు, రెండు గెలిచాం, రెండు ఓడాం. నాలుగింట్లోనూ అందరూ దాదాపు సమానంగా ఆడారు. మూడో ఆటలో మా మెయిన్ హ్యాండ్లర్‌కి (వెనక ఉండి డిస్క్ ఎక్కువగా విసిరే అమ్మాయి) చీలమండ బెణికింది, అక్కడితో మిగిలింది తొమ్మిదిమందిమి.

ఆదివారం పొద్దున క్వార్టర్‌ఫైనల్. మైదానానికి నిలువునా గాలి, ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. ముందు 11 గోల్స్ వేసినవాళ్లదే ఆట. ఎదుటి జట్టులో 18 మంది ఉన్నారు. గాలిలో ఆడినవాళ్లకి ఇది తెలిసిందే, ఒక జట్టు గాలివాటున గోల్ వేస్తే ఆ చివర నుంచే పుల్ చేయాలి (డిస్క్‌ని ఎదుటివాళ్లకి విసిరి తరువాతి పాయింట్ మొదలుపెట్టాలి), అందుకునే జట్టుకి ఇప్పుడు గాలివాటు వస్తుంది, వాళ్లూ వేస్తారు. 1-0, 1-1, 2-1 అలా నడిచి హాఫ్‌కి 6-5తో మేం ముందున్నాం. అందరూ గాలివాటునే వేస్తున్నారు, ఎదురుగాలిలో ఎవరికీ పడటం లేదు.

హాఫ్ అయ్యాక నేను లైన్ (పాయింట్‌కి దింపేవాళ్ల జాబితా) కుదించేశాను. పాతవాళ్లు ఆరుగురు, బాగా పరుగెత్తే ఒక కొత్తమ్మాయి, ఆ ఏడుగురే. మిగతా ఇద్దరు కొత్తవాళ్లని ఆట అయ్యేదాకా లోపలికి పంపలేదు. రెండో హాఫ్‌లో పది పాయింట్లు పడ్డాయి, పదింటికీ అదే ఏడుగురు.

10-10. గోల్ ఎవరు వేస్తే వాళ్లదే ఆట. పుల్ అందుకునేది మేమే, గాలివాటూ మాదే. మా కట్టర్ (ముందుకు పరుగెత్తి పాస్ అందుకునే అమ్మాయి) ఎండ్‌జోన్ మూలకి పరుగెత్తి రెండు చేతులతో పట్టేసింది. పక్కన మావాళ్లు కేకలు వేసేశారు, ఎదుటివాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. ఆమె ఒక్కతే కిందకి చూసుకుని "గోల్ కాదు, నా కాలు గోల్ గీత మీద ఉంది" అంది. ఇంకెవరూ చూడలేదు. డిస్క్ గీత దగ్గరే పెట్టి ఆట కొనసాగించాం. తరువాతి పాస్ నాలుగు మీటర్లు కూడా ఉండదు, వెనక నుంచి వచ్చిన గాలి దాన్ని కిందకి తొక్కేసింది, అందుకోబోయిన అమ్మాయి చేతుల కింద నుంచి నేల మీద పడింది. అక్కడి నుంచి వాళ్లు 64 మీటర్లూ ఎదురుగాలిలో చిన్న చిన్న పాస్‌లతో వచ్చారు. మా కప్‌లో (డిస్క్ ఉన్నవాళ్లని చుట్టుముట్టి అడ్డుకునే గుంపు) ముగ్గురూ అప్పటికి నడుస్తున్నారంతే, కాళ్లు లేవడం లేదు. వాళ్లు వేసేశారు. ఆట మొత్తంలో ఎదురుగాలిలో పడిన ఒకే ఒక్క గోల్ అది.

తరువాత స్థానాల కోసం ఆడిన ఆటలో అందరినీ దించాను, అది గెలిచాం కూడా. కానీ ఆ ఇద్దరిలో ఒకమ్మాయి తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నన్ను రెండు విషయాలు తినేస్తున్నాయి. మా జట్టులోనే ఒకరు "చెప్పకపోతే ఏమయ్యేది" అన్నారు ఆ గీత గురించి, నాకు వెంటనే జవాబు రాలేదు. ఇక రెండోది, లైన్ కుదించడం తప్పా? మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్లు, ఉన్నదున్నట్టు చెప్పండి.

పాత_హ్యాండ్లర్
ఆదివారం, రాత్రి 11:15

చెల్లీ, ముందు నిద్రపో, ఇది రేపు చదువు.

నాలుగేళ్లు కాలేజీ జట్టులో ఆడాను, తరువాత మూడేళ్లు కోచింగ్ చేశాను. క్వార్టర్‌ఫైనల్‌లో లైన్ కుదించడం తప్పని నేను అనను, ఎలిమినేషన్ ఆటలో దాదాపు అందరూ చేస్తారు. నాకు తప్పనిపించింది, పది పాయింట్లకీ ఒకే ఏడుగురిని ఉంచడం. నువ్వే రాశావు చూడు, మీరు పుల్ అందుకున్న ప్రతిసారీ గాలివాటు మీదే. అంటే కొత్తవాళ్లని దించడానికి అంతకంటే సులువైన పాయింట్ ఉండదు. గాలివాటున ఒక హ్యాండ్లర్ లోతుగా హక్ (దూరపు పాస్) విసిరితే చాలు, పట్టుకుంటే గోల్, పట్టుకోకపోయినా ఎదుటివాళ్లు తమ గోల్ ముందు నుంచి ఎదురుగాలిలో మొదలుపెట్టాలి. ఆ పాయింట్లలో కప్ ఆడే ముగ్గురిలో ఇద్దరిని బయట కూర్చోబెట్టి కొత్తవాళ్లిద్దరినీ దించి ఉంటే, మీరు పుల్ చేసే పాయింట్‌కి కప్ కాళ్లు తాజాగా ఉండేవి. అలా నాలుగు పాయింట్లు చేసినా 10-10 దగ్గర పరిస్థితి వేరుగా ఉండేది. ఆ చివరి పాయింట్‌కి మాత్రం నేనూ నీ ఏడుగురినే పెట్టేదాన్ని. గోల్ పడేదాకా, ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప, మనిషిని మార్చలేం కదా, కాబట్టి ఆ పాయింట్ కోసం ముందు నుంచే కాళ్లు దాచుకోవాలి.

గీత సంగతి వేరేవాళ్లు చెప్తారు. నాకైతే ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది.

గీత_పక్కన
ఆదివారం, రాత్రి 11:31

నేను ఒప్పుకోను. శనివారం సమానంగా ఆడించి ఆదివారం మూసేయడం అంటే కొత్తవాళ్లకి ఏం చెప్తున్నట్టు? లెక్కలోకి రాని ఆటల్లో మీరు కావాలి, లెక్కలోకి వచ్చే ఆటలో వద్దు అని. నేను మొదటి ఏడాది అంతా అలా గీత పక్కన నిలబడ్డాను. రెండో ఏడాది మాతో చేరిన ఆరుగురిలో నలుగురు మానేశారు, వాళ్లెవరికీ ఆట రాక కాదు. పదిమంది ఉన్న జట్టులో ఇద్దరు మానేస్తే వచ్చే టోర్నమెంట్‌కి ఎనిమిదిమందితో వెళ్తారు. అప్పుడు కుదించడానికి లైన్ కూడా ఉండదు.

స్పిరిట్_ముందు
సోమవారం, ఉదయం 6:50

గీత గురించి నేను రాస్తాను, చాలా టోర్నమెంట్లలో స్పిరిట్ కెప్టెన్‌గా (జట్టు క్రీడాస్ఫూర్తి చూసుకునే మనిషి) చేశాను.

కొత్తవాళ్లు ఎవరైనా చదువుతుంటే ముందు నిబంధన. మైదానం చుట్టూ ఉండే గీత బయట కిందే లెక్క, దాని మీద కాలు పడితే బయటికి వెళ్లినట్టే. గోల్ గీత ఎండ్‌జోన్‌లోకి రాదు, అది మధ్య మైదానంలో భాగం. గాల్లో డిస్క్ పట్టి దిగినప్పుడు మొదట నేలని తాకింది పూర్తిగా ఎండ్‌జోన్‌లో ఉంటేనే గోల్. కాబట్టి ఆమె చెప్పింది అక్షరాలా నిజం, మీరు గీత దగ్గర నుంచి ఆట కొనసాగించడం కూడా సరిగ్గానే చేశారు.

"చెప్పకపోతే ఏమయ్యేది" అన్నవాళ్లకి నా జవాబు ఇది. చెప్పకపోతే 11-10తో గెలిచేవాళ్లు, సెమీస్‌కి వెళ్లేవాళ్లు. అది నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ మన ఆటలో రెఫరీ లేడు. ఫౌల్ మనమే పిలుస్తాం, ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే డిస్క్ విసిరిన మనిషికి వెనక్కి వెళ్తుంది, మళ్లీ ఆడతాం. 14 మంది పరుగెత్తుతూ, గస పెడుతూ, ఒకరి మాట ఒకరు నమ్మితేనే ఇదంతా నడుస్తుంది. తరువాతిసారి మీ కట్టర్ "లోపలే ఉన్నాను" అని అంటే, ఆ జట్టులో ఒక్కరు కూడా వాదించరు. నేను పందెం కడతాను.

ఐదో_పాస్
సోమవారం, ఉదయం 9:05

ఆ నాలుగు మీటర్ల పాస్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అసలు ఆట అక్కడే పోయిందనిపిస్తోంది.

గాలి ఎదురుగా ఉంటే డిస్క్ పైకి లేస్తుంది, వెనక నుంచి వస్తే కిందకి కూలుతుంది. డిస్క్‌ని మోసేది దాని మీదుగా పారే గాలే కాబట్టి, వెనక గాలిలో ఆ మోత తగ్గిపోతుంది. అందరూ ఎదురుగాలికి భయపడి దాన్నే ప్రాక్టీస్ చేస్తారు, గాలివాటు సులువని వదిలేస్తారు. పొడవు హక్‌కి అది సులువే. చిన్న పాస్‌కి కాదు. అలసిపోయిన చేతితో మెత్తగా, స్పిన్ లేకుండా వదిలిన పాస్ వెనక గాలిలో రాయిలా పడుతుంది. మనం వాడే డిస్క్ 175 గ్రాములు, దాన్ని నిలకడగా ఉంచేది స్పిన్ ఒక్కటే. మణికట్టు గట్టిగా విదిలించాలి, గుండె ఎత్తులో, ముక్కు (డిస్క్ ముందు అంచు) కాస్త పైకి పెట్టి, వేగం తగ్గించినా స్పిన్ తగ్గించకూడదు. ఎదురుగాలిలో దీనికి రివర్స్‌లో, ముక్కు కిందకి, మోకాలి ఎత్తులో విడవాలి.

మేం ప్రతి ప్రాక్టీస్ చివర్లో, బాగా అలసిపోయాక, ఇద్దరిద్దరం ఐదు మీటర్ల దూరంలో నిలబడి గాలివాటున యాభై పాస్‌లు వేస్తాం. అలసట లేనప్పుడు వేస్తే ఏమీ తెలియదు. ఇంకోటి, అందుకునేవాళ్లు డిస్క్ కోసం ఆగి చూడకూడదు, ఒక అడుగు దాని వైపు వేయాలి. ఆ ఒక్క అడుగుతో సగం డ్రాప్‌లు పోతాయి.

జట్టు_18
సోమవారం, మధ్యాహ్నం 1:20

నమస్తే. ఆ ఎదుటి జట్టు మాదే. నిన్న రాత్రే మా గ్రూప్‌లో ఎవరో ఈ లింక్ పెట్టారు, రాయాలా వద్దా అని ఇప్పటిదాకా ఆలోచించాను.

మీ కట్టర్ ఆ మాట అన్నప్పుడు తనకి మూడు మీటర్ల దూరంలో ఉన్నది నేనే. నేను కాలు చూడలేదు. డిస్క్ మాత్రమే చూశాను, గోల్ అయిపోయిందనే అనుకున్నాను. ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి నిలబడే సర్కిల్‌లో మా కెప్టెన్ చెప్పింది గానీ ఇక్కడ కూడా రాయాలనిపించింది. ఎదుటి జట్టు క్రీడాస్ఫూర్తికి ఇచ్చే స్పిరిట్ స్కోర్‌లో ఒక్కో అంశానికి 0 నుంచి 4, మామూలుగా బాగుంటే 2. న్యాయంగా ఆలోచించడం అనే దానికి మీకు 4 ఇచ్చాం, ఎవరూ రెండో మాట అనలేదు.

లైన్ల గురించి కూడా చెప్తాను. 18 మంది ఉన్నా మాలోనూ పక్కన నిలబడేవాళ్లు ఉంటారు. మేం ఒకటి చేస్తాం, ఆదివారం పొద్దున వార్మప్‌కి ముందే కెప్టెన్ ఒక్కొక్కరికీ విడిగా చెప్తుంది, ఈ ఆటలో నువ్వు ఈ పాయింట్లలో దిగుతావు, లేదా దిగకపోవచ్చు, దిగనప్పుడు నీ పని ఇది అని. వినడానికి బాధగానే ఉంటుంది. నేను రెండేళ్లు విన్నాను. కానీ ఆట మధ్యలో ప్రతి పాయింట్‌కీ "ఇప్పుడు నా పేరు పిలుస్తారేమో" అని చూస్తూ నిలబడటం అంతకంటే చాలా కష్టం.

మోకాలికట్టు
సోమవారం, సాయంత్రం 4:48

అందరూ ఓటమి గురించి రాశారు, నేను ఆ చీలమండ గురించి అడుగుతున్నాను. ఎలా ఉంది? దెబ్బ తగిలాక నాలుగు అడుగులు బరువు వేసి నడవగలిగిందా? నడవలేకపోయినా, చీలమండకి ఇరువైపులా పొడుచుకొచ్చే ఎముక వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. వాపు తగ్గిందని వారంలో ఆటలోకి దింపొద్దు.

నాకు మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగింది, ఇలాంటి ఆదివారమే, ఆ రెండు రోజుల్లో ఆరో ఆటలో. ఎవరూ తగల్లేదు. పరుగెత్తుతూ ఒక్కసారి దిశ మార్చాను, అంతే. ఇలా ఆగి తిరిగే ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకి ఆ లిగమెంట్ తెగే ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉంటుంది. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాల బలం, ఇవి వార్మప్‌లో వారానికి రెండు మూడుసార్లు చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. టోర్నమెంట్ వారంలో చేస్తే సరిపోదు, సీజన్ అంతా చేయాలి.

కాబట్టి కెప్టెన్ గారూ, పది పాయింట్లు ఒకే ఏడుగురు అంటే నాకు మొదట కనిపించేది స్కోరు కాదు, ఆ ఏడుగురి మోకాళ్లు. ఇద్దరు తాజాగా పక్కనే ఉన్నప్పుడు మరీనూ.

ఎదురుగాలి_7
సోమవారం, సాయంత్రం 6:10

అక్కా, తను నడిచింది, అయినా డాక్టర్‌కి చూపించాం, బెణుకే. మూడు వారాలు ఆపమన్నారు. మీరు మోకాళ్ల గురించి రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాకు ఆ ఆలోచనే రాలేదు.

పాత_హ్యాండ్లర్ అక్కా, గాలివాటు పాయింట్లలో కొత్తవాళ్లని దించడం ఇంత సులువైన సంగతి, పది పాయింట్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. బోర్డు మీద గీసి చూశాను. నిజమే, ఐదుసార్లు అవకాశం వచ్చింది, చివరిది తీసేసినా నాలుగు.

మూడో_కొత్తమ్మాయి
సోమవారం, రాత్రి 9:27

అక్కా, బస్సులో మాట్లాడనిది నేనే. ఇక్కడ అకౌంట్ ఇవాళే తెరిచాను.

నన్ను ఆడించలేదని కోపంగా లేను. నాకు ఫ్లిక్ (మణికట్టు విదిలించి పక్క నుంచి విసిరే పాస్) ఇంకా ఊగుతుంది, ఆ గాలిలో నన్ను దించితే ఏమవుతుందో నాకూ తెలుసు. కానీ హాఫ్ అయ్యాక ప్రతి పాయింట్‌కీ బూట్ల లేసులు బిగించుకుని గీత దగ్గరికి వచ్చాను. పదిసార్లు. ఎవరూ ఏమీ చెప్పలేదు. పదోసారి మళ్లీ వెనక్కి వెళ్తుంటే ఏడుపొచ్చింది, ఎవరూ చూడకూడదని నీళ్ల సీసాలు సర్దాను.

ఇంకో విషయం ఉంది, బస్సులో మాట్లాడకపోవడానికి అసలు కారణం అదే. ఊరికే నిలబడ్డాను కాబట్టి వాళ్ల ఆటే చూస్తూ ఉన్నాను. ఎదురుగాలిలో వాళ్లు వస్తున్నప్పుడల్లా, మన మార్క్ (డిస్క్ ఉన్నవాళ్ల ఎదురుగా నిలబడే డిఫెండర్) స్టాల్, అంటే విసరడానికి ఉన్న సెకన్లు, లెక్కపెడుతూ ఆరు అనగానే, వాళ్ల ఎడమ హ్యాండ్లర్ వెనక్కి తిరిగి రీసెట్ (డిస్క్ పోకుండా వెనక్కి వేసే చిన్న పాస్) తీసుకునేది, తరువాతి పాస్ ప్రతిసారీ ఎడమ గీత వెంట ఉన్న అమ్మాయికి తక్కువ ఎత్తులో వెళ్లేది. మూడుసార్లు చూశాను. చివరి పాయింట్‌లో కూడా అదే చేశారు. నేను అరవాల్సింది. ఆడనిదాన్ని, మూడు నెలల కింద డిస్క్ పట్టినదాన్ని, లోపల ఉన్నవాళ్లకి ఏం చెప్తాను అని ఊరుకున్నాను. అరిచి ఉంటే మనవాళ్లు ఒక అడుగు ముందే కదిలేవాళ్లు కదా అని నిన్నటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

జట్టు_18
సోమవారం, రాత్రి 9:41

చెల్లీ, నువ్వు చూసింది నూటికి నూరుపాళ్లు నిజం. అది మా ప్లేనే. స్టాల్ ఆరు దగ్గర రీసెట్, వెంటనే ఎడమ వింగ్. ఈ సీజన్‌లో దాన్ని కనిపెట్టి చెప్పినవాళ్లని నేను ఇప్పటిదాకా చూడలేదు. ఇప్పుడు మేం దాన్ని మార్చుకోవాలి!

పాత_హ్యాండ్లర్
సోమవారం, రాత్రి 9:58

మూడు నెలల్లో జోన్ ఆఫెన్స్ (కప్ లాంటి జోన్ డిఫెన్స్‌ని దాటి ఆడే తీరు) చదవగలిగిందంటే ఆ కన్ను అందరికీ ఉండేది కాదు. నాకు రెండేళ్లు పట్టింది. కప్‌లో ఉన్నవాళ్లకి డిస్క్ తప్ప వెనక ఏముందో కనిపించదు, వాళ్ల వీపు వెనక కళ్లు గీత పక్కన నిలబడినవాళ్లే. మంచి జట్లలో సైడ్‌లైన్ ఒక్కో డిఫెండర్‌కి ఒక్కో మనిషి చొప్పున పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతుంది. డిస్క్ చేతిలోంచి వెళ్లగానే "అప్" అని అరవడం దగ్గర మొదలుపెట్టు. దానికి అనుభవం అక్కర్లేదు, గొంతు కావాలి.

నీ కోసం ఒక సంగతి రాస్తాను. ఈ ఆట పుట్టింది 1968లో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మేపుల్‌వుడ్‌లో, కొలంబియా హైస్కూల్ పిల్లల చేతుల్లో.  కాలేజీల మధ్య మొదటి ఆట 1972 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఆడాయి, రట్గర్స్ 29-27తో గెలిచింది. చూడు, మొదటి ఆటే రెండు గోల్స్ తేడా. స్కూలు పిల్లలు రాసుకున్న నిబంధనలతో మొదలై ఇంత దూరం వచ్చిన ఆటలో, మూడు నెలల మనిషికి మాట్లాడే హక్కు లేదని ఎవరంటారు?

ఎదురుగాలి_7
సోమవారం, రాత్రి 11:03

నీ పోస్ట్ నాలుగుసార్లు చదివాను. నువ్వు పదిసార్లు లేసులు బిగించుకోవడం నేను చూడలేదు. నేను స్కోర్‌బోర్డు వైపు, గాలి వైపు చూస్తున్నాను. హాఫ్‌లో మీ ఇద్దరి దగ్గరికి వచ్చి ఒక్క నిమిషం మాట్లాడాల్సింది. రాలేదు, తప్పు నాదే, క్షమించు. ఇంకో అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి ఇదే మాట చెప్పాను.

రేపు ప్రాక్టీస్‌లో ముందు అరగంట జోన్ ఆడదాం. కప్‌లో నేనుంటాను, నా వెనక గీత పక్కన నువ్వు. నాకు కనిపించనిది నువ్వు చెప్పాలి, నేను తిరిగి చూడను, నీ గొంతు విని కదులుతాను. చివర్లో గాలివాటున యాభై చిన్న పాస్‌లు, అందరం.

మూడో_కొత్తమ్మాయి
సోమవారం, రాత్రి 11:09

వస్తాను అక్కా. ఐదున్నరకే వస్తాను, వార్మప్‌కి ముందు నా ఫ్లిక్ ఒకసారి చూడవా?

ఎదురుగాలి_7
సోమవారం, రాత్రి 11:10

ఐదుంబావుకి రా. డిస్క్‌లు నేను తెస్తాను.